ఊరు పడుకున్నాక... పాట లేస్తుంది!

* ఇంటి గదే స్టూడియో.. కంప్యూటరే వాద్యబృందం
* ఖర్చు తగ్గింది.. పని ఒంటరిదైంది
* సాఫ్ట్‌వేర్‌తో పాటు రానివి రెండే.. మన చప్పుడు, మన పేరు

రాయచూరు: రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్లు చట్టప్రకారం నోరు మూసుకోవాల్సిందే. ఆటోల రొద తగ్గుతుంది. పక్కింటి టీవీ ఆగుతుంది. ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరే మంచాలు ఎక్కుతారు. సరిగ్గా అప్పుడే కొందరికి పని మొదలవుతుంది. తలుపు వేసుకుంటారు. హెడ్‌ఫోన్ తగిలిస్తారు. బయటికి మాత్రం ఒక్క చప్పుడూ రాదు. తెల్లారేసరికి ఓ పాట తయారు!

తబలా మనిషి లేడు. వయొలిన్ల వరస లేదు. రికార్డిస్టు అసలే లేడు. ఓ కంప్యూటర్, పాతిక మీటలున్న చిన్న కీబోర్డు, ఒక మనిషి. ఇంటి మూలన కుర్చీ వేసుకుని ఎలక్ట్రానిక్ సంగీతం చేసే పద్ధతి ఇదీ. ఒకప్పుడు మద్రాసు వెళ్తే తప్ప దొరకని సరంజామా ఇవాళ సింధనూరు క్యాంపులోనైనా, మాన్విలోనైనా ఓ బల్ల మీద సరిపోతుంది. ఊరేగింపుల డీజే పాటల దగ్గర్నుంచి పెళ్లి వీడియోల వెనుక సంగీతం, ఎన్నికల ప్రచార గీతాలు, స్కూలు వార్షికోత్సవాల ట్రాకుల దాకా ఇలాంటి గదుల్లో తయారయ్యేవే ఎక్కువ. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ నోట్లో ఆడే మన సరిహద్దు జిల్లాకు ఇది అచ్చంగా కుదిరే విద్య. అయితే ఇందులో డబ్బు పెట్టి కొనుక్కోలేనివి రెండున్నాయి. వాటి సంగతి చెప్పుకునే ముందు, అసలు ఈ రాత్రి పని కథేమిటో చూద్దాం.

రాత్రే ఎందుకంటే...

పగలు ఉద్యోగమో, పొలమో, దుకాణమో ఉంటుంది కాబట్టి రాత్రి అని అనుకుంటాం. అదొక్కటే కాదు. మైకు ముందు గొంతు రికార్డు చేయాలంటే నిశ్శబ్దం కావాలి. మన చెవి అలవాటుపడి వదిలేసే చప్పుళ్లను మైకు వదలదు. వీధిలో కూరగాయల బండి కేక, మిల్లు రొద, బోరు మోటారు.. అన్నీ పాటలోకి వచ్చి కూర్చుంటాయి. సినిమా స్టూడియోలో గోడలకు మెత్తలు, రెండేసి తలుపులు ఉంటాయి. ఇంట్లో ఉండవు. కాబట్టి అర్ధరాత్రే ఇంటివాళ్లకు ఉచితంగా దొరికే స్టూడియో గోడ.

ఇక ఎండ. వేసవిలో రాయచూరులో 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు. రికార్డింగ్ జరిగేటప్పుడు ఫ్యాన్ ఆపాలి, కూలర్ ఆపాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట తలుపులు బిగించి ఫ్యాన్ ఆపి పాడమంటే పాడే మనిషి సోలిపోతాడు. కంప్యూటర్ కూడా వేడెక్కి దాని లోపలి ఫ్యాన్ హోరెత్తుతుంది. అదీ మైకులో పడుతుంది. ఏ విధంగా చూసినా రాత్రే నయం.

గదిలోకి దూరే కరెంటు రాగం

అంతా నిశ్శబ్దమయ్యాక హెడ్‌ఫోన్‌లో మెల్లగా వినిపించే శబ్దం ఒకటుంది. 'మ్‌మ్‌మ్...' అని ఆగకుండా సాగే సన్నని గుంయి. కొత్తగా మొదలెట్టినవాళ్లు మైకు పాడైందని, కేబుల్ పోయిందని తిరుగుతుంటారు. నిజానికి చాలాసార్లు అది కరెంటు గొంతు.

మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ఎందుకు 50? జవాబు మన జిల్లాలోనే ఉంది. శక్తినగర్ థర్మల్ కేంద్రంలో 1985లో మొదటి యూనిట్ మొదలైంది. తర్వాత 210 మెగావాట్లవి ఏడు, 250 మెగావాట్లది ఒకటి కలిపి 1,720 మెగావాట్ల కేంద్రమైంది. అక్కడ టర్బైను నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 50. ఆ తిరుగుడే తీగల వెంట మన ప్లగ్గు దాకా వస్తుంది. ఇంకో విశేషం. దక్షిణాది విద్యుత్ గ్రిడ్‌ను మిగతా దేశంతో ఒకే లయలో కలిపింది రాయచూరు - సోలాపూర్ 765 కేవీ లైనే. ఆ ముచ్చట జరిగింది 2013 డిసెంబరు 31న. అప్పట్నుంచి కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా అన్ని గదుల్లో గుంయి ఒకే శ్రుతి!

ఈ గుంయి పాటలో పడకుండా చూడటమే ఇంటి స్టూడియోలో మొదటి పాఠం. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. గుంయి ఆగిపోయిందా? తప్పు మైకుది కాదు, ఎర్తింగ్‌దో, చార్జర్‌దో. కంప్యూటర్, స్పీకర్లు, మిక్సర్ వేర్వేరు ప్లగ్గుల్లో ఉంటే వాటి మధ్య కరెంటు చుట్టు తిరిగి ఈ మోత వస్తుంది. అన్నిటినీ ఒకే బోర్డుకు తగిలిస్తే చాలావరకు సర్దుకుంటుంది. అంతేగానీ గుంయి పోతుంది కదా అని ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకేయకూడదు. ప్రాణానికే ముప్పు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇంటి ఎర్తింగ్ చూపించుకోవడమే దారి.

మద్రాసు నుంచి మన గది దాకా

1980ల్లో తెలుగు సినిమా పాట అంటే మద్రాసు. పదుల మంది వాద్యకారులు ఒకే హాల్లో కూర్చుని వాయిస్తే అటు రికార్డయ్యేది. ఒక్కరు తప్పినా మళ్లీ మొదట్నుంచి. ఆ పద్ధతిని మార్చింది మిడి అనే ఒప్పందం. వేర్వేరు కంపెనీల కీబోర్డులు, డ్రమ్ మిషన్లు, కంప్యూటర్లు ఒకదాని మాట ఒకటి అర్థం చేసుకునేలా 1983లో వచ్చింది. అది ధ్వనిని పంపదు. 'ఈ మీట, ఇంత గట్టిగా, ఇంతసేపు' అనే ఆదేశాన్ని మాత్రమే పంపుతుంది. దాంతో ఒక్క మనిషి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పది మంది పని చేసుకునే వీలొచ్చింది.

తెలుగువాళ్లకు ఇందులో దగ్గరి బంధుత్వం ఉంది. టి.వి.రాజు కుమారుడు రాజ్, సాలూరి రాజేశ్వరరావు కుమారుడు కోటి కలిసి తెలుగు పాటను ఏలిన రోజుల్లో వారి దగ్గర కీబోర్డు వాయించి, ప్రోగ్రామింగ్ చేసిన కుర్రాడు తర్వాత ఏఆర్ రెహమాన్ అయ్యాడు. 1989లో చెన్నైలో తన ఇంటి వెనకే పంచతన్ రికార్డ్ ఇన్ అనే స్టూడియో కట్టుకున్నాడు. 1992లో 'రోజా' వచ్చింది. మొదటి సినిమాకే జాతీయ అవార్డు! తెలుగులోకి వచ్చిన ఆ పాటలు మన జిల్లా క్యాసెట్ కొట్లలోనూ మోగాయి. రెహమాన్ రాత్రిళ్లు పనిచేస్తాడన్నది అందరికీ తెలిసిన సంగతే. అదే 1992లో రాంగోపాల్‌వర్మ 'రాత్రి' సినిమాకు నేపథ్య సంగీతం ఇచ్చిన మణిశర్మ కూడా కీబోర్డు మీంచి వచ్చినవాడే. అంటే తెలుగు సినిమా సంగీతంలో ఓ తరం మొత్తం వాద్యబృందం వెనక కీబోర్డు దగ్గర కూర్చుని పైకొచ్చింది.

అక్కడ్నుంచి ఇంటి గదికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. బెల్జియం కంపెనీ ఒకటి 1997లో 'ఫ్రూటీలూప్స్' అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. 2003లో దాని పేరు ఎఫ్ఎల్ స్టూడియోగా మారింది. మన దగ్గర డీజే ట్రాకులు చేసే కుర్రాళ్ల నోట ఎక్కువగా వినిపించే పేరు ఇదే. ఆడాసిటీ, ఎల్ఎంఎంఎస్ లాంటివైతే పూర్తిగా ఉచితం. లక్షలు పోసి కొనే మిక్సింగ్ బల్ల ఇప్పుడు తెర మీది బొమ్మ.

ముంబయిలో ఒక్కడు

అసలు ఎలక్ట్రానిక్ సంగీతం అంటే ఫారిన్ సరుకు అని చాలామంది అభిప్రాయం. అది సగమే నిజం. అహ్మదాబాద్ జాతీయ డిజైన్ సంస్థలో 1969లోనే మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారు. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి అమర్చి వెళ్లాడు. పఖవాజ్ విద్వాంసురాలు గీతా సారాభాయ్ వంటివారు అక్కడ ప్రయోగాలు చేశారు. కొద్ది ఏళ్లకే స్టూడియో మూతపడింది. టేపులు అటకెక్కాయి. దశాబ్దాల తర్వాత దుమ్ము దులిపి 2023లో వాటిని రికార్డుగా విడుదల చేశారు.

అంతకన్నా ఆశ్చర్యం కలిగించేది చరణ్‌జిత్ సింగ్ కథ. హిందీ సినిమా పాటలకు గిటార్, కీబోర్డు వాయించిన ముంబయి వాద్యకారుడాయన. ఆరోజుల్లో కొత్తగా వచ్చిన మూడు రోలాండ్ మిషన్లు కొనుక్కున్నాడు. ఒకటి డ్రమ్స్ కొట్టేది, ఇంకోటి బేస్ వాయించేది, మూడోది సింథసైజర్. ఇంట్లో కూర్చుని మూడింటినీ ఒకే లయలో కట్టేశాడు. వాటి మీద రాగాలు వాయించాడు. 1982లో తయారైన ఆ రికార్డులో పది రాగాలున్నాయి. యమన్, మాల్‌కౌంస్, భూపాలీ.. మన లెక్కలో కల్యాణి, హిందోళం, మోహన అన్నమాట. కింద మాత్రం డిస్కో దరువు.

రికార్డు అమ్ముడుపోలేదు. జనం మరిచిపోయారు. ఐదేళ్ల తర్వాత 1987లో అమెరికాలోని చికాగోలో అదే బేస్ మిషన్‌తో చేసిన పాటొకటి వచ్చి 'ఆసిడ్ హౌస్' అనే కొత్త సంగీతానికి నాంది పలికింది. యూరప్ కుర్రకారు రాత్రిళ్లు దానికి ఊగిపోయింది. ఇలాంటి ధ్వనే ముంబయిలో ఓ గదిలో ముందే పుట్టిందని అక్కడెవరికీ తెలియదు! ఆయన కథ చివర్లో మలుపు తిరిగింది. అదెలాగో తర్వాత చెప్పుకుందాం.

ఒక రాత్రి పని ఇలా...

గదిలో జరిగేది మంత్రం కాదు. మొదట వేగం నిర్ణయించాలి. నిమిషానికి 120 దెబ్బలు అనుకుంటే ఒక్కో దెబ్బకూ అర సెకను. తర్వాత కింద మోగే 'ధుమ్' వేస్తారు. దాని పక్కన బేస్. ఆపైన తాళాలు, చప్పట్లు. చివరికి బాణీ. సింథసైజర్ ధ్వని ఎలా పుడుతుందంటే, కరెంటు అలను పుట్టించి దానికి ఆకారం ఇస్తారు. ముందు పదునైన అల తీసుకుని, జల్లెడ పట్టినట్టు పై ధ్వనులను వడగడితే మెత్తబడుతుంది. వడకట్టే జాగాను మెల్లగా తెరుస్తూ మూస్తూ పోతే 'వావ్... వావ్...' మని మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఇంతే కిటుకు. మిగతాదంతా చెవి.

మీట నొక్కిన తర్వాత కాస్త ఆలస్యంగా వినిపించడం కొత్తవాళ్లను విసిగించే సమస్య. కంప్యూటర్ ధ్వనిని చిన్నచిన్న ముక్కలుగా కోసి మూటలు కట్టి పంపుతుంది. సీడీ నాణ్యతలో సెకనుకు 44,100 ముక్కలు. మూటకు 1,024 ముక్కలు పెడితే 23 మిల్లీసెకన్ల ఆలస్యం. అంటే ఎనిమిది మీటర్ల దూరంలో ఎవరో కొడుతున్న డప్పుతో కలిసి పాడినట్టుంటుంది. మూటను 128కి తగ్గిస్తే మూడు మిల్లీసెకన్లే. కాకపోతే కంప్యూటర్‌కు శ్రమ ఎక్కువై ధ్వని చిటపటలాడుతుంది. వాయించేటప్పుడు చిన్న మూట, చివర్లో మిక్సింగ్ చేసేటప్పుడు పెద్ద మూట పెట్టుకుంటే సరి.

ఇక అసలు కష్టం ఒంటరితనం. పాత రోజుల్లో హాలునిండా వాద్యకారులు ఉండేవారు. బాణీ తేలిపోతే ఎవరో ఒకరు మొహం చిట్లించేవారు. ఆ మొహమే సమీక్ష. ఇక్కడ వాయించేదీ, వినేదీ, మెచ్చుకునేదీ ఒక్కరే. రాత్రి రెండింటికి 'అదిరింది' అనిపించిన పాట పొద్దున్నే వింటే చప్పగా ఉంటుంది. కారణం ఉంది. గంటల తరబడి అదే వింటే చెవి అలసి, పై ధ్వనులు తక్కువగా వినిపిస్తాయి. అవి పెంచుకుంటూ పోతాం. తెల్లారాక తాజా చెవికి అవి సూదుల్లా గుచ్చుకుంటాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు రాత్రి చేసింది రాత్రే పంపరు. పొద్దున్నే ఓసారి, ఫోన్ స్పీకర్లో ఓసారి, ఆటోలో ఓసారి విని చూసుకుంటారు. ఇంట్లో ఒకరికి వినిపిస్తే మరీ మంచిది. అమ్మ మొహం చిట్లించిందంటే ఏదో తేడా ఉన్నట్టే!

పదహారు గళ్లలో ఒదగని తీన్‌మార్

ఇక్కడ్నుంచి మనకు సంబంధించిన అసలు విషయం. సాఫ్ట్‌వేర్ తెరవగానే తెర మీద వరసగా పదహారు గళ్లు కనిపిస్తాయి. ఏ గడిలో గుర్తు పెడితే అక్కడ దెబ్బ పడుతుంది. నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకు నాలుగు భాగాలు. విదేశీ డ్యాన్సు పాటలకు అచ్చంగా సరిపోయే లెక్క.

మన తీన్‌మార్‌ను ఆ గళ్లలో పెట్టి చూడండి. కుదరదు. తీన్‌మార్ నడక మూడేసిగా సాగుతుంది. దాన్ని తెచ్చి నాలుగేసి గళ్లలో కుక్కితే పల్లకీ మోసేవాడికి కాలు మడతపడినట్టు ఉంటుంది. ఊరేగింపులో ఆడేవాళ్లకు ఎక్కడో తేడా తెలుస్తుంది, చెప్పలేరు. పరిష్కారం పెద్దదేం కాదు. గళ్లు పదహారుకు బదులు పన్నెండు పెట్టుకోవాలి. ఒక్కో దెబ్బకు మూడు భాగాలు వస్తాయి. కానీ ఆ పని చేయాలని తెలియాలంటే ముందు తీన్‌మార్‌ను దగ్గరగా విని ఉండాలి. మిషన్‌కు నాలుగు తెలుసు. మూడు మనమే చెప్పాలి.

ధ్వనుల సంగతీ అంతే. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే డ్రమ్ ధ్వనులు వందల్లో ఉంటాయి. 'ఇండియన్' అని రాసిన డబ్బా తెరిస్తే తబలా, ఢోలక్, సితార్ దొరుకుతాయి. కన్నడంలో హలిగె, తెలుగులో డప్పు అని మనం పిలిచేది మాత్రం దొరకడం అరుదు. దొరికినా ఎక్కడో, ఎవరో, ఎలాగో కొట్టింది. అందుకే ఒక ఊరి డీజే ట్రాకుకూ ఇంకో రాష్ట్రం ట్రాకుకూ తేడా లేకుండా పోతోంది. పల్లవి తెలుగే, కింది 'ధుమ్' మాత్రం అందరిదీ ఒకటే.

మన చప్పుడు పట్టుకోండి

రాయచూరు 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. ఆ తర్వాత మైసూరు రాష్ట్రంలో కలిసింది. 1953లో తుంగభద్ర డ్యాం పూర్తయి ఎడమ కాలువ పారాక కోస్తా నుంచి రైతులు వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో క్యాంపులు కట్టుకున్నారు. వాళ్ల వెంట కోలాటం, భజన, సంక్రాంతి పాటలూ వచ్చాయి. ఇక్కడ అప్పటికే తత్వపదాలు ఉన్నాయి, పీర్ల పండుగ పదాలు ఉన్నాయి. ముద్గల్ మొహర్రంకు హిందువులూ ముస్లింలూ కలిసి కదిలే సంగతి చెప్పక్కర్లేదు. నాట్లు వేసే ఆడవాళ్ల పాటలో సగం తెలుగు, సగం కన్నడం దొర్లుతుంటుంది. ఇన్ని చప్పుళ్లు ఒకేచోట దొరికే జిల్లాలు ఎన్నుంటాయి?

వీటిని పట్టడానికి ఖరీదైన మైకే అక్కర్లేదు. మంచి ఫోన్ చాలు. డప్పును మంట దగ్గర కాచాక, తోలు బిగిసి గంగున మోగే మొదటి నిమిషాల్లోనే రికార్డు చేయాలి. ఫోన్‌ను మరీ దగ్గర పెడితే ధ్వని పగులుతుంది. ఓ మీటరు దూరం ఉంచాలి. గోడల మధ్య కాకుండా ఆరుబయట చేస్తే ప్రతిధ్వని ఉండదు. సిర్ర దెబ్బ విడిగా, చిటికెన పుల్ల దెబ్బ విడిగా తీసుకోవాలి. ఒక్కోదాన్ని పది బలాలతో పదిసార్లు కొట్టించుకోవాలి. ఎందుకంటే ఒకే దెబ్బను కంప్యూటర్ మళ్లీమళ్లీ మోగిస్తే టకటకమని టైపు మిషన్‌లా ఉంటుంది. మనిషి చేయి ఏ రెండు దెబ్బలూ ఒకేలా కొట్టదు. ఆ తేడాలే పాటకు ప్రాణం.

మాటలు టైపు చేస్తే పాట కట్టి ఇచ్చే కృత్రిమ మేధ యాప్‌లు ఇప్పుడు వచ్చేశాయి. అందరికీ తెలిసిన బాణీ వాటికి క్షణాల్లో పని. అలాంటిది కావాలంటే ఇక రాత్రంతా కూర్చోవాల్సిన అవసరమే ఉండదు. ఫలానా ఊరి డప్పు, ఫలానా అవ్వ గొంతు మాత్రం ఎవరో వెళ్లి రికార్డు చేస్తేనే దొరుకుతాయి.

ఎవరి పాట? ఎవరి పేరు?

ఆ అవ్వ దగ్గరే ఇంకో చిక్కు. పొలంలో పాడుతుంటే ఫోన్‌లో తీసుకుని, కింద దరువు వేసి, డీజే ట్రాకుగా వదులుతారు. పాట పదూళ్లు తిరుగుతుంది. మీద ట్రాకు చేసినవాడి పేరుంటుంది. పాడినావిడ పేరు ఉండదు. ఇంకొన్నిసార్లు ట్రాకు చేసినవాడి పేరు కూడా ఎవరో కోసేసి తమది వేసుకుంటారు. రాత్రుళ్లు మేలుకున్నవాడికి చివరికి మిగిలేది ఎర్రబడిన కళ్లే.

చట్టం ఏం చెబుతోంది? తరాలుగా వస్తున్న జానపద పాట అందరిదీ. కానీ దాన్ని పాడిన గొంతు మీద హక్కు పాడినవారిది. కాపీరైట్ చట్టం ప్రకారం ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు ఉంటుంది. సౌండ్ రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లు. కాబట్టి అవ్వను అడగాలి, పేరు వేయాలి, డబ్బులొస్తే వాటా ఇవ్వాలి. సినిమా పాటను కోసి రీమిక్స్ చేయాలంటే రికార్డింగ్ హక్కుదారు అనుమతి ఉండాల్సిందే. పాటను మళ్లీ కొత్తగా పాడి కవర్ వెర్షన్ చేయాలన్నా, మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది తర్వాత ఐదేళ్లు ఆగాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ కట్టాలి. 2012లో చట్టాన్ని సవరించి పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీ హక్కును గట్టి చేశారు. సొంత బాణీ కట్టినవారికీ ఇదే చట్టం అండ. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా, పాట తయారైన క్షణం నుంచి హక్కు ఉంటుంది. కాకపోతే 'ఇది నాదే' అని చూపించే ఆధారం దగ్గరుండాలి.

చెవులు జాగ్రత్త

రాత్రి పనికి మూల్యం ఒంటి మీదే పడుతుంది. ఇంటివాళ్లు లేవకుండా హెడ్‌ఫోన్ పెట్టుకుంటాం. అది రెండు గంటలు, నాలుగు గంటలు అవుతుంది. అలసిన చెవికి సరిపోక వాల్యూమ్ పెరుగుతూ పోతుంది. పెద్దలకు వారానికి 40 గంటల లెక్కన 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శబ్దం పెరిగినకొద్దీ సమయం తగ్గించాలి. హెడ్‌ఫోన్ తీశాక కూడా చెవిలో ఈల మోగుతుంటే అది హెచ్చరిక. దెబ్బతిన్న లోచెవి కణాలు మళ్లీ పుట్టవు. గంటకోసారి పది నిమిషాలు బయటికొచ్చి గాలి పీల్చుకోవాలి. పాట పూర్తికాకపోయినా నిద్ర పూర్తవ్వాలి.

స్పీకర్లు పెట్టి వినాలంటే పక్కింటివాళ్లూ ఉన్నారు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు పెట్టరాదని 2005లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది.

మొదలుపెట్టే ముందు...

* ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే మొదలెట్టండి. 'క్రాక్' చేసిన కాపీలతో పాటు వైరస్ వస్తుంది. ఏడాది పని ఒక్క రాత్రిలో పోతుంది.
* మొదటి డబ్బు హెడ్‌ఫోన్‌కు, తర్వాత మైకుకు. ఖరీదైన కీబోర్డు చివర్లో.
* మైకు వెనక దుప్పటి వేలాడదీయండి. బీరువా నిండా బట్టలున్న గది అయితే ఇంకా మేలు. ప్రతిధ్వని తగ్గుతుంది.
* కరెంటును నమ్మొద్దు. పది నిమిషాలకోసారి సేవ్ చేయండి. రెండో కాపీ వేరే డ్రైవ్‌లో ఉంచండి.
* ఎవరి గొంతు, ఎవరి డప్పు, ఏ ఊరు, ఏ తేదీ.. ఫైలుతో పాటు రాసి పెట్టండి.

పేరు ఉంది కాబట్టే...

ఇప్పుడు చరణ్‌జిత్ సింగ్ కథ మిగతా సగం. 2002లో నెదర్లాండ్స్‌కు చెందిన రికార్డుల సేకర్త ఎడో బౌమన్‌కు ఢిల్లీలో ఓ పాత రికార్డు దొరికింది. విన్నాడు. నమ్మలేకపోయాడు. అట్ట మీద వాయించిన మనిషి పేరుంది. ఆ పేరు పట్టుకుని వెతికితే ముంబయిలో చరణ్‌జిత్ సింగ్ దొరికాడు. 2010లో ఆ రికార్డును మళ్లీ విడుదల చేశారు. డెబ్భై ఏళ్లు దాటిన వయసులో ఆయన యూరప్ వేదికల మీద అవే పాత మిషన్లతో, అవే రాగాలు వాయించాడు. కుర్రకారు నిలబడి ఊగింది. 2015లో ఆయన కన్నుమూశారు. అమ్ముడుపోని రికార్డు దాదాపు 30 ఏళ్లకు ఆయనకు గౌరవం తెచ్చిపెట్టింది. అట్ట మీద పేరే లేకపోతే ఆ గుమ్మం తట్టేవాళ్లెవరు?

మన జిల్లాలో రాత్రిళ్లు తయారయ్యే పాటలు 'న్యూ మిక్స్', 'ఫైనల్ 3', 'ఫైనల్ ఫైనల్' అనే పేర్లతో ఫోన్ నుంచి ఫోన్‌కు పోతున్నాయి. ఎవరు చేశారో, ఎవరు పాడారో, ఏ ఊరి డప్పో తెలియదు. రెండేళ్లకు ఫోన్ మారితే పాటా పోతుంది. కాబట్టి ఈ రాత్రి కంప్యూటర్ ఆపేముందు ఒక్క నిమిషం కూర్చోండి. ఫైలు పేరు మార్చండి. మీ పేరు, పాడినవారి పేరు, ఊరు, తేదీ రాయండి. అప్పుడే దీపం ఆర్పండి.